పాటకు ఈడు

ఒక విజయదశమినాటి ఉదయమున, మదనపల్లెలోని ఒక పాత వీథిలో, ఒక పెంకుటింటి అరుగుమీద, తాంబూలమును కొబ్బరికాయయు పటికబెల్లమును ఉంచిన పళ్లెరముతో మా నాయన నిలిచియుండగా, కొత్త పావడా కట్టుకొని అమ్మ కొంగు విడువని నా చెల్లెలును, దాని వెనుక తొమ్మిదేండ్ల నేనును నిలిచియుంటిమి. లోపలినుండి వచ్చిన సంగీతపు పంతులమ్మగారు పిల్లకు ఎన్నేండ్లని అడుగలేదు. "ఇంట్లో ఎవరన్నా పాడతారామ్మా? బిడ్డ ఏమేమి వింటుంది?" అని మా అమ్మను అడిగిరి. పిమ్మట శ్రుతిపెట్టె తిత్తిని మెల్లగా ఒత్తుచు, షడ్జమును పట్టి, "నువ్వు అను, బిడ్డా" అనిరి. చెల్లెలు గట్టిగా, సంతోషముగా, మఱియొక స్వరమున అన్నది. తొడపై చేయి వేసి తాళము చూపిరి. నాలుగు దెబ్బలు కాకమునుపే దాని చేయి ఆరవ దెబ్బకు పరుగెత్తినది. పంతులమ్మగారు పళ్లెరములోని పటికబెల్లపు పలుకును దాని నోటబెట్టి, "గొంతు చక్కంగా ఉంది నాయనా, దానికేం తక్కువ లేదు. చెవి ఇంగా ఆటల్లో ఉంది. ఒక యేడు పోనీండి. సాయంత్రం పూట పంపితే ఆ గోడకాడ కూచ్చొని వింటుంది. దానికి జీతం వద్దు" అనిరి.

మా అమ్మ మొగము చిన్నబోయినది. ఎదురింటి పిల్ల ఐదేండ్లకే గీతములలో పడినదని ఆమె అదివఱకే వినియుండెను. దారి పొడుగునను ఎవ్వరును మాటాడలేదు. చెల్లెలు మాత్రము పటికబెల్లము చప్పరించుచు వచ్చినది.

పిల్ల పాటకు ఈడయినదా లేదా అను ప్రశ్న ఇంటింటి ప్రశ్నగా కనబడినను, మా సీమలో దానికి చిరకాలపు చరిత్ర కలదు. ఆ చరిత్రను తెలియుటకు ముందు ఈ ఊళ్లు ఏ దారులమీద ఉన్నవో తెలియవలెను. 1911లో చిత్తూరు జిల్లా యేర్పడువఱకు మదనపల్లె కడప జిల్లాలోను, పుంగనూరు జమీయు, కుప్పము కేంద్రముగా నుండిన కంగుంది జమీయు ఉత్తరార్కాడు జిల్లాలోను ఉండెను. ఇంటి మాట తెలుగు. సంత మాట కొంత తమిళము, కొంత కన్నడము. మైసూరునుండి వచ్చిన దాసరపదములును, కాంచీపురమునుండి వచ్చిన కచేరీ సంప్రదాయమును, తిరుపతికి పోవు భజనగోష్ఠులును ఈ ఊళ్లమీదుగనే నడచినవి. అందుచేత ఇచ్చటి పిల్ల గురువు ముందు కూర్చుండుటకు ఎన్నియో యేండ్ల ముందే, ధనుర్మాసపు చలిలో దుప్పటి కప్పుకొని, పొంగలి ప్రసాదముకొఱకే యైనను రామమందిరమునకు పోయి, చెక్కభజన అడుగులను, తాళముల జోడును, పెద్దల గొంతుల హెచ్చుతగ్గులను చెవులార వినియుండెడిది. ఆ వినికిడిని ఎవ్వరును పాఠమని లెక్కింపలేదు. నా దృష్టిలో మొదటి పాఠము అదియే.

శాస్త్రము ఈ విషయమును మఱియొక వైపునుండి చూచినది. 13వ శతాబ్దమున దేవగిరి యాదవుల కొలువులో సంగీతరత్నాకరమును రచించిన శార్ఙ్గదేవుడు, అభ్యాసము లేకయే రాగమును వ్యక్తము చేయగల కంఠశక్తికి శారీరమని పేరు పెట్టి, అది శరీరముతోడనే పుట్టునదని చెప్పెను. ఈ మాటను పట్టుకొని, గొంతున్న పిల్ల పుట్టుకతోనే సిద్ధమైనదని తలంచిన తల్లిదండ్రులు అనేకులు. కాని శారీరము ధాన్యమువంటిది, వంట వేఱు. పురందరదాసు ఏర్పఱచెనని సంప్రదాయము చెప్పుచున్న అభ్యాసక్రమమును, అనగా సరళీస్వరములు, జంటస్వరములు, అలంకారములు, పిళ్లారిగీతములు అను మెట్లవరుసను ఒకసారి నిదానించి చూచినచో, అది పిల్లనుండి ఏమి కోరుచున్నదో తెలియును. మొదటి పాఠమునకు మాయామాళవగౌళను ఎన్నుకొనుటలో గొప్ప ఉపాధ్యాయబుద్ధి కలదు. స రి గ మ అను సగమునందు ఏ యెడములున్నవో ప ద ని స అను సగమునందును అవే యెడములుండును. మొదటి సగము పట్టుబడిన పిల్లకు రెండవది తెలిసిన యింటి రెండవ గదివలె తోచును. అయినను ఆ శుద్ధరిషభము షడ్జమునకు మిక్కిలి చేరువ. చెవి నిలువని పిల్ల ఆ రెంటిని కలిపివేయును, లేదా దాటివేయును. దానికితోడు మూడు కాలములు: చేతి దెబ్బ మాఱదు, నోటి నడక మాత్రము రెట్టించును, మఱల రెట్టించును. చేయి ఒక నడకను, నోరు మఱియొక నడకను నడచుచుండగా రెంటిని ఒక్క మనస్సు కావలికాయవలెను. ఐదేండ్ల పిల్లలలో దీనికి సిద్ధమైనవారున్నారు, పదేండ్ల పిల్లలలో కానివారున్నారు. యేండ్ల లెక్క ఇచ్చట పనికిరాదనుటకు ఇంతకంటె వేఱు సాక్ష్యము అక్కఱలేదు.

గొంతు ఎత్తు మాట ఇంకొకటి కలదు. పసిగొంతులు సాధారణముగా నాలుగున్నర, ఐదు శ్రుతులయందు సుఖముగా మెలగును. మగ ఉపాధ్యాయుని గొంతు ఒకటి, ఒకటిన్నర దగ్గఱ నుండును. తన శ్రుతిని మార్చక పిల్లను దానిలోనికి దించు ఉపాధ్యాయుడు ఆ పిల్ల మంద్రమున గొణుగుటయు, తారమున అఱచుటయు నేర్పినవాడగును. అట్టి చోట పిల్ల సిద్ధముగా లేదని చెప్పుట అన్యాయము; సిద్ధముగా లేనిది పాఠము.

అచ్చుపుస్తకములు వచ్చి ఈ నిర్ణయమును మఱింత చిక్కుపఱచినవి. 19వ శతాబ్దపు ఉత్తరార్ధమున చెన్నపట్టణమున తచ్చూరు సింగరాచార్యులు ప్రకటించిన స్వరమంజరి, గాయకపారిజాతము మొదలగు గ్రంథములును, 1904లో ఎట్టయపురమున సంగీతసంప్రదాయప్రదర్శినిని వెలువరించిన సుబ్బరామదీక్షితులు మఱుసటి యేట ప్రకటించిన ప్రథమాభ్యాసపుస్తకమును తెలుగులిపిలో మన చేతికి వచ్చినవి. ఆ మహనీయులు చేసిన మేలు ఇంతింత యనరాదు. వారు లేకున్న ఎన్ని కృతులు గాలిలో కలిసియుండునో! కాని పుస్తకము ఇంటికి వచ్చిన తరువాత, అక్షరములు కూడబలుక్కొనగల పిల్ల స్వరములను గూడ కూడబలుక్కొనగలదను నమ్మకము పెరిగినది. కన్ను ముందు నడచి చెవి వెనుకబడినది. పాత గురువులు మొదటి యేడు పిల్ల చేతికి పుస్తకమునీయకుండుటకు కారణమిదియే.

ఇప్పుడు పుంగనూరికి వత్తము. పొట్టి ఆవులకు లోకమంతట పేరొందిన ఆ ఊరు, 1898లో ఒక మహాగాయకునికి జన్మస్థలమయ్యెనని ఆ ఊరిలోనే చాలమంది యెఱుగరు. ఇది నాకు నిజముగా బాధ కలిగించు విషయము. చిత్తూరు సుబ్రహ్మణ్య పిళ్లై పుట్టినది పుంగనూరిలో, సంగీతము తెలిసిన యింట. ఆ పిల్లవాని చెవికి పాట ఎప్పుడు సోకెనని అడుగుట, చేపకు నీరెప్పుడు సోకెనని అడుగుటవంటిది. ఇట్టి యింటి పిల్లలకు విజయదశమి మొదటి దినము కాదు. అదివఱకు విన్నదానికి పేర్లు తెలియు దినము. అయినను ఆ యింటి విద్యతో ఆయన తృప్తిపడలేదు. కాంచీపురమునకు పోయి, నాయనా పిళ్లై యొద్ద గురుకులవాసము చేసి, లయయందును పల్లవియందును ఆ కాలమున సాటిలేని విద్యను గ్రహించెను. పుంగనూరు పిల్లవాడు బందరుకో విజయనగరమునకో పోక కాంచికి ఏల పోయెనను సందేహము తీఱవలెనన్న, ఆనాటి జిల్లా పటమును చూచిన చాలును. తెలుగుమాట యాడు పుంగనూరికి ఉత్తరార్కాడే తల్లిజిల్లా, కాంచి దాని పొరుగు.

ఆ గురువు కథ మన ప్రశ్నకు మిక్కిలి దగ్గఱిది. 1889లో పుట్టిన నాయనా పిళ్లై, గానమునకు పేరుపొందిన ధనకోటి అమ్మాళ్ సోదరికి కుమారుడు, ఇల్లంతయు పాట. అయినను ఆ పిల్లవానికి యౌవనము వచ్చువఱకు పాటమీద కంటె వ్యాయామముమీదను ఆటలమీదను మనసు మెండనియు, పిదప ఒక్కమాటున పట్టుదల పట్టి రాత్రింబవళ్లు సాధన చేసి విద్వాంసుడయ్యెననియు సంగీతలోకమున చెప్పుకొందురు. వయోలిను, మృదంగము మాత్రమే కాక కంజీర, ఘటము, మోర్సింగు, డోలకు, కొన్నకోలులతో నిండిన ఆయన కచేరీకి ఫుల్‌బెంచి అని పేరు వచ్చెను. అంతమంది లయవిద్వాంసుల నడుమ తాళము తప్పక నిలిచిన ఆ మనిషిని, పదేండ్లప్పుడు ఎవరైన పరీక్షించియుండినచో ఏమని తీర్పు చెప్పియుందురు? ఆలస్యముగ మొదలుపెట్టినవాడని ఆయనను అనవలదు. మొదలుపెట్టినది ఆలస్యముగ, విన్నది మాత్రము ఉయ్యాలనుండి. కుస్తీపట్లు పట్టుచున్న యేండ్లలోను ఆ చెవులు ఆ యింటిలోనే ఉండెను గదా.

ఈ గురుశిష్యుల నడుమ మఱియొక సంగతి నన్ను ఎప్పుడును ఆకర్షించును. గురువు తమిళుడు, పాడవలసిన త్యాగరాజకృతులు తెలుగు. పుంగనూరు పిల్లవాడు గురువుగారి యింట విద్య పుచ్చుకొనుచు, ఆ కృతులలోని మాటలు తన యింటి మాటలే కాగా, ఎచ్చట విఱువవలెనో ఎచ్చట విఱువరాదో పుట్టుకతో తెలిసినవాడుగా పాడియుండును. పిల్ల సిద్ధముగా ఉన్నదా అని చూచువారు శ్రుతిని చూతురు, లయను చూతురు. మాట నాలుకపై తిరుగుచున్నదా అని చూచువారు తక్కువ. నత్తి తీఱని నాలుకకు కృతిని అప్పగించుట ఆ కృతికే అపచారమని నా అభిప్రాయము. సుబ్రహ్మణ్య పిళ్లై 1954లో మద్రాసు సంగీత అకాడమీవారి సంగీతకళానిధి బిరుదమును, 1964లో కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారమును పొందెను, 1975లో పరమపదించెను. మదురై సోమసుందరమువంటి గాయకుడు ఆయన శిష్యుడనిన, పుంగనూరునుండి కాంచికి పోయిన ఆ విద్య మదురవఱకు పాఱినదన్నమాట.

పిల్లలను త్వరపెట్టు తల్లులు చెప్పు పేరొకటి కలదు: మంగళంపల్లి బాలమురళీకృష్ణ. 1930లో శంకరగుప్తమున పుట్టి, ఎనిమిదేండ్ల ప్రాయమున విజయవాడ త్యాగరాజోత్సవములలో కచేరీ చేసి, ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతారుచే పేరుకు ముందు బాల యను మాటను పొందిన ఆ పిల్లవానిని చూపి, మన పిల్ల ఏల పాడరాదని అడుగుదురు. ఆయనకు తండ్రి వేణువు, తల్లి వీణ. పసికందుగా ఉండగనే తల్లిని పోగొట్టుకొన్నను, పెరిగినది నాదము నడుమనే. పైగా పారుపల్లి రామకృష్ణయ్యపంతులువంటి గురువు దొరికెను. అట్టివాడు శతాబ్దమునకొక్కడు. ఒక్క పిల్లవాని ఎనిమిదేండ్లను కొలబద్దగా చేసి పదివేలమంది పిల్లలను కొలుచుట ఆ పదివేలమందికిని క్షేమము కాదు.

పిల్ల సిద్ధముగా ఉన్నదా అని అడుగనే అడుగని ఆచారములును మనకుండినవి. దేవదాసీకుటుంబములలో ఆడుబిడ్డ ఐదేండ్లో ఏడేండ్లో రాగానే పాటకును ఆటకును కూర్చుండబెట్టిరి. పుట్టుకయే అచ్చట పరీక్ష, పుట్టుకయే తీర్పు. ఆ వాడుక మనకు ఎంత గొప్ప గాయనులనిచ్చినను, ఆ పసివాండ్రను ఎవ్వరును అడుగలేదను మాటను మఱువరాదు. 1947 నాటి మద్రాసు చట్టముతో ఆ సమర్పణములకు తెరపడినది. మిగిలిన కుటుంబములలో మఱియొక తీరు నడచినది. పెండ్లిచూపులలో ఒక కీర్తన పాడవలెను గనుక, పిల్లకు పదునొకండు పండ్రెండు యేండ్లు రాగానే హార్మోనియపు పంతులును ఇంటికి పిలిచిరి. పెండ్లి కుదిరినదో, పాట ఆగినది. పాటకు ఈడు, పెండ్లికి ఈడును బట్టి నిర్ణయమైనదన్నమాట. ఎందఱి గొంతులు ఆ నాలుగు కీర్తనలతో అటకెక్కినవో లెక్కింపగలవారు లేరు. వీరికంటె రెండు శతాబ్దముల ముందు, మదనపల్లె చేరువనున్న తరిగొండలో, నృసింహుని ముందు తనలో తాను పాడుకొనుచు తిరిగిన వెంగమాంబను తండ్రి కృష్ణయామాత్యుడు మదనపల్లెలోని సుబ్రహ్మణ్యశాస్త్రుల యొద్దకు పంపెననుట తలంచినపుడు, పిల్లలోనుండి వచ్చు పాటను ముందు చూచి, గురువును పిదప వెదకిన తండ్రియని నాకు ఆ మనిషిమీద గౌరవము కలుగును.

కుప్పము వైపున పద్ధతి పూర్తిగా వేఱు. నేను చూచినవానిలో ఇంతకంటె మెత్తని పరీక్ష లేదు. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయము వెలసిన ఆ ఊరి చుట్టుప్రక్కల, మూడు భాషలు కలియు పల్లెలలో, ద్రౌపదీధర్మరాజుల గుడిముందు భారతోత్సవములు జరుగునపుడు, పగలు హరికథకుడు భారతము చెప్పును. రాత్రి తెల్లవార్లు వీథినాటకము. అర్జునుడు తపస్సుమాను ఎక్కునాడును, దుర్యోధనుడు పడునాడును చుట్టుప్రక్కల ఊళ్లన్నియు అచ్చటనే. ఆ మేళములో చేరదలచిన కుఱ్ఱవానిని వాద్యారు పాడుమని అడుగడు. మొదట దీపము పట్టుకొనుమనును. తరువాత వేషగాండ్రకు నీళ్లందింపుమనును. పిమ్మట తాళములు చేతికిచ్చి వెనుకవరుసలో నిలుపును. పాత్రధారి దరువు ఎత్తుకొని ముందుకు వచ్చినపుడు దానిని అందుకొని తిప్పిపాడువారిది వంత. తెల్లవారుజామున మూడు గంటలప్పుడు వంతవారి గొంతులు అలసి సన్నగిల్లగా, తాళము వేయుచున్న ఆ కుఱ్ఱవాడు తనకు తెలియకయే దరువును అందుకొనును. మద్దెలగాడు తల త్రిప్పి చూచును. వాద్యారు ఏమియు అనడు. మఱుసటి రాత్రి వాడు ఒక అడుగు ముందుకు నిలువబడును. ఇంతియే.

అచ్చటనే ఒక ప్రమాదమును కలదు. పదుమూడు పదునాలుగు యేండ్లకు మగపిల్లల గొంతు మాఱును. నిన్నటివఱకు బాలకృష్ణుడై గణగణలాడిన గొంతు ఒకనాడు నడుమ పగిలి కీచుమనును. తెలిసిన వాద్యారు అప్పుడు వానిని మద్దెలవైపు పంపి, ఒక యేడో యేడున్నరయో తాళముతోనే గడపించును. గొంతు కుదురుకొన్న తరువాత మఱల పాటకు పిలుచును. తెలియనివాడు ఆరుబయట వేలమంది ముందు పైశ్రుతిలో అఱపించును. ఆ గొంతు మఱి రాదు. సిద్ధత ఒకసారి వచ్చి నిలిచిపోవునది కాదనియు, మగపిల్లవాని విషయమున అది ఒకసారి వచ్చి, పోయి, మఱల రావలసినదనియు కచేరీ గురువులకంటె ఈ వాద్యారులు స్పష్టముగ నెఱుగుదురు.

మఱల మదనపల్లెకు వచ్చినచో, అచ్చట ఈ ప్రశ్నకు పూర్తిగా కొత్త సమాధానమొకటి దొరకినది. 1915లో అనీబిసెంటు అచ్చట స్థాపించిన దివ్యజ్ఞానకళాశాలకు కొంతకాలమునకు ఐర్లండుకవి జేమ్స్ కజిన్స్ అధ్యక్షుడయ్యెను. ఆయన భార్య మార్గరెట్ 1902లో ఐర్లండు రాయల్ విశ్వవిద్యాలయమునుండి సంగీతమున పట్టము పొందినది. 1919 ఫిబ్రవరిలో దక్షిణదేశమున సంచరించుచు రవీంద్రనాథుడు విశ్రాంతికై వారి యింటికి వచ్చెను. వారమునకొకమాటు రాత్రివేళ విద్యార్థులందఱును కూడి పాటలు పాడుకొను వాడుక అచ్చట ఉండెను. ఆ కూటమిలో కవి, 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెసు సభలో మొదట వినబడిన జనగణమనను మెల్లని గొంతుతో పాడెను. వంగభాష తెలియని రాయలసీమ కుఱ్ఱవాండ్రు చరణము చివర జయఘోష మఱలమఱల వచ్చుట విని, తామును కలిసిరి. ఫిబ్రవరి 28న కవి ఆ పాటకు తన చేతివ్రాతతో ఆంగ్లానువాదము వ్రాసియిచ్చెను. మార్గరెట్ కజిన్స్ ఆయన యొద్ద ఆ బాణీని సరిచూచుకొని స్వరములను కాగితమున కెక్కించినది. 1950 జనవరి 24న అది దేశగీతమైనది. అదే 1919లో విజయనగరమున ఆదిభట్ల నారాయణదాసు అధ్యక్షతన సంగీతకళాశాల తలుపులు తెఱచుకొనుట నాకు ముచ్చటగా తోచును: ఒక చోట ఎన్నుకొన్న శిష్యులకు విద్య, మఱియొక చోట ఎన్నిక లేని పాట.

ఆ రాత్రి తలుపుకడ నిలిచి, శ్రుతి పట్టగలవాడు లోనికి, పట్టలేనివాడు బయటికి అని ఎవ్వరును చెప్పలేదు. అందఱి గొంతుల నడుమ గొంతు లేనివానికి నీడ దొరకును; ఆ నీడలో వాని చెవి సిగ్గు లేకుండ పెరుగును. అందుచేత బడిలో పాడు పాటను చిన్నచూపు చూచు సంగీతజ్ఞులతో నేను ఏకీభవింపను. పిల్ల పాటకు ఈడయినదా అని తెలియగోరు తల్లిదండ్రులు ఏ పరీక్షయు పెట్టనక్కఱలేదు. ఉదయము బడిప్రార్థనవేళ గోడప్రక్క నిలిచి చూడవలెను. అందఱికంటె గట్టిగా పాడు పిల్లను కాదు. ప్రక్కవాని గొంతు వినుటకై తన గొంతును కొంచెము తగ్గించుకొను పిల్ల ఎవరో, ఆ పిల్లను.

మా చెల్లెలు ఆ యేడంతయు సాయంకాలములు గోడకానుకొని కూర్చున్నది. మొదటి నెలలలో పావడా అంచుతో ఆడుకొన్నది, నిద్రపోయినది, ఒకనాడు ఇంటికి పోదమని ఏడ్చినది. దానిని తీసికొనిపోయి తీసికొనివచ్చుట నా పని గనుక నేనును అచ్చటనే కూర్చుండెడివాడను. సంక్రాంతి దాటిన తరువాత, ఇతర పిల్లలు జంటస్వరములు పాడుచుండగా, దాని బొటనవ్రేలు మోకాటిమీద మెల్లగా దెబ్బ వేయుట చూచితిని. ఎండకాలములో ఒకనాడు ఒక పిల్ల రిషభము తప్పగా, ఇది తటాలున తలయెత్తి పంతులమ్మగారి వైపు చూచినది. ఆమెయు దీనివైపే చూచుచుండిరి.

మఱుసటి విజయదశమికి అవే తాంబూలములు, అదే అరుగు. పంతులమ్మగారు తిత్తిని ఒత్తి షడ్జము పట్టి, కనుసైగ చేసిరి. చెల్లెలు కనులు మూసికొని అందుకొన్నది. ఒక ఊపిరి అయిన పిదప, రెండవ ఊపిరి సగములో, ఆమె దానికి తెలియకుండ తిత్తిమీదనుండి చేయి తీసివేసిరి. శ్రుతిపెట్టె మూలిగి ఆగిపోయినది. చెల్లెలి గొంతులో షడ్జము ఉన్నచోటనే ఉన్నది. వీథిలో ఎవరో పూలబండిమీద చామంతులు అమ్ముచు కేక వేసినను అది జాఱలేదు.

"రేపటినుంచి ముందర కూచ్చో, బిడ్డా" అని పంతులమ్మగారు పళ్లెరమును అందుకొనిరి.